పాత థ్రెడ్ చదివి రా

“అన్నా, ఖతార్‌ల డ్రైవర్ వీసాలున్నయంట. ఏజెంటు సగం పైసలు ముందే కట్టుమంటుండు. నమ్మొచ్చునా?”

ఖానాపూర్, ముథోల్, లక్ష్మణచాంద... నిర్మల్ జిల్లాలో ఏ మండలం వాట్సాప్ గ్రూపు తెరిచినా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెసేజ్ కనిపిస్తుంది. అడిగిన పిల్లగాడు ఆ జవాబును బట్టే అప్పు చేయాలా, పొలం కుదువ పెట్టాలా అని తేల్చుకుంటాడు. కింద ముగ్గురు పలుకుతారు. ఒకాయన దండం బొమ్మ పెడతాడు. ఇంకొకాయన “పర్సనల్‌ల మాట్లాడు తమ్మీ” అంటాడు. మూడో ఆయన ఆ ఏజెంటు చేతిలో నిజంగానే మోసపోయినవాడు. జరిగిందంతా ఐదు నిమిషాల వాయిస్‌లో చెబుతాడు. ఆ వెనకాలే గులాబీ పువ్వు మీద శుభోదయం, హైవే మీద బోల్తాపడ్డ లారీ వీడియో, ఎవరిదో పుట్టినరోజు కేకు, ఒక నాయకుడి పర్యటన ఫొటోలు పదహారు. పొద్దుగూకే సరికి ఆ ప్రశ్న ఎక్కడికి పోయిందో అడిగినవాడికే దొరకదు. మూడు నెలలు గడిచాక పక్క ఊరి పిల్లగాడు అదే ఏజెంటు గురించి, అదే గ్రూపులో, మళ్లీ మొదటి నుంచి అడుగుతాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియనిది కాదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు కేంద్ర విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి. అందులో పేరు లేని వాడికి రూపాయి ఇవ్వొద్దు. పేరున్నవాడైనా తన రుసుము కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇంతే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల గ్రూపుల్లో ఈ మాటలు లెక్కలేనన్ని సార్లు చెప్పి ఉంటారు. చెప్పిన మాట నిలబడడానికే ఒక చోటు లేదు.

అలాంటి చోట్లు ఇంటర్నెట్‌లో ఒకప్పుడు ఉండేవి. వాటిని ఫోరమ్ అనేవాళ్లు, డిస్కషన్ బోర్డు అనేవాళ్లు, మన సినిమా పిల్లలైతే ముద్దుగా ‘డీబీ’ అనేవాళ్లు. కొత్తగా వచ్చినవాడు అందరూ అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, లోపలున్న సీనియర్ కాస్త కసురుకుంటూనే ఒక మాట అనేవాడు: “ముందు పాత థ్రెడ్ చదివి రా.” అప్పట్లో ఆ మాట ఎంత చిరాకు తెప్పించేదో! ఇప్పుడు అలా అనగలిగే చోటు ఒక్కటి కనిపిస్తే బాగుండనిపిస్తోంది. ఎందుకంటే, చదివి రావడానికి అక్కడ పాత థ్రెడ్ అంటూ ఒకటి ఉండేది.

పెద్దబడి అక్షరాల కాలం

తెలుగువాళ్లు తెర మీద కూర్చుని వాదులాడుకోవడం ఫేస్‌బుక్‌తో మొదలు కాలేదు. దానికన్నా దశాబ్దం ముందే వాళ్లు యూజ్‌నెట్‌లో ఉన్నారు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఆలోచనలోంచి పుట్టిన ఆ వ్యవస్థలో ఒక్కో విషయానికి ఒక్కో చర్చాస్థలం. 1990లలో అందులో తెలుగువాళ్ల గుంపు పేరు సోక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. ఆ పొడుగు పేరును ఎస్‌సీఐటీ అని కుదించుకున్నారు. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్నవాళ్లూ, అక్కడే ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ.

తెర మీద తెలుగు అక్షరం కనిపించని రోజులవి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి తయారుచేశారు. ఇంగ్లిష్ ‘ఎన్’ చిన్నబడిలో కొడితే ‘న’, పెద్దబడిలో కొడితే ‘ణ’. ‘టీ’ చిన్నదైతే ‘త’, పెద్దదైతే ‘ట’. ఆర్టీఎస్ అనే ఆ పద్ధతిలోనే పద్యాలు రాశారు, పద్యాల్లో తప్పులు పట్టారు, తప్పు పట్టినవాణ్ని తిట్టారు. అది కంటికి ఇంపుగా ఉండేది కాదు. అయినా రోజుల తరబడి అలవాటు పడితే కన్ను దాన్ని తెలుగుగానే చదివేసేది. తర్వాత ‘తెలుసా’ అనే ఈమెయిల్ గుంపు, అక్కడి సాహిత్య చర్చల వేడిలోంచి 1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చాయి. యాహూ గ్రూపుల్లో ‘రచ్చబండ’ ఉండేది. పద్యప్రియులకు ‘ఛందస్సు’ వేరే ఉండేది. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ లాంటి సైట్లు సినిమా కబుర్లను నెట్‌లోకి తెచ్చాక అభిమానుల బోర్డులు లేచాయి. ఆంధ్రాఫ్రెండ్స్ డీబీలో వీసా స్టాంపింగ్ ప్రశ్నకూ, కొత్త సినిమా కలెక్షన్ల తగాదాకూ మధ్య కదిలే బ్రహ్మానందం బొమ్మలు జవాబులుగా వచ్చిపడేవి. ఈనాటి మీమ్ పిల్లలకు ఆ వంశవృక్షం తెలియదు కానీ వాళ్ల తాతలు అక్కడే ఉన్నారు.

ఈ చోట్లన్నిటి లోపలి కట్టుబడి దాదాపు ఒకటే. చర్చకు ఒక శీర్షిక ఉండేది. మొదటి పోస్టు పైన, జవాబులు వచ్చిన వరుసలో కింద. 2000 సంవత్సరంలో వచ్చిన పీహెచ్‌పీబీబీ, వీబులెటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ నమూనాను ఊరూరా పంచాయి. ఎవరైనా కొత్త జవాబు రాస్తే మూడేళ్ల కిందటి చర్చ కూడా మళ్లీ జాబితా నెత్తి మీదకు వచ్చేది. ఎవరికి ఎక్కువ లైకులు వచ్చాయన్నది అక్కడ లెక్క కాదు. అసలు ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ పుట్టిందే 2009లో. ఎదుటివాడి వాక్యాన్ని పైన ఎత్తిరాసి, దాని కింద మన మాట రాయాలి. ఎత్తిరాయాలంటే చదవాలి కదా. సగం తగాదాలు ఆ చదవడంలోనే చల్లారేవి. మిగతా సగం అమెరికా పగలుకూ ఇండియా రాత్రికీ మధ్యనున్న పన్నెండు గంటల్లో చల్లారేవి. (కొందరు ఆ పన్నెండు గంటలూ నిద్ర మానుకుని ఇంకా ఘాటైన జవాబు తయారుచేసేవాళ్లు, అది వేరే సంగతి.)

మోడరేటర్ అనేవాడు ఒకడుండేవాడు. మితిమీరితే థ్రెడ్‌కు తాళం వేసేవాడు. అతనికి జీతం లేదు, అధికార గర్వం మాత్రం కొంచెం ఎక్కువే. కానీ అతనెవరో అందరికీ తెలుసు, అతన్నీ తిట్టుకోవచ్చు. ఇవాళ మన పోస్టు ఎందుకు ఎవరికీ కనిపించలేదో అడుగుదామంటే అడగడానికి అవతల మనిషి లేడు.

నిర్మల్ అప్పుడెక్కడుంది?

ఇంతవరకూ చదివి, ఆహా ఆ రోజులే వేరు అనుకునేవాళ్లు ఇక్కడ ఆగాలి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా, అదీ నాలుగు మహానగరాల్లో. నిర్మల్ అప్పటికి ఆదిలాబాద్ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్. ఏ పెద్ద పనికైనా ఎనభై కిలోమీటర్లు పోయి జిల్లా కేంద్రంలో నిలబడాలి. పట్టణాల్లోకి నెట్ సెంటర్లు వచ్చాక కూడా గంటకు ఇరవయ్యో ముప్పయ్యో ఇచ్చి కూర్చునేది ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి, మహా అయితే యాహూ మెసెంజర్‌లో పేరు తెలియని వాళ్లతో కబుర్లకు. రైస్ విశ్వవిద్యాలయం పద్ధతిలో కందపద్యం కొట్టడానికి ఎవరొస్తారు?

తెలుగు లిపి కంప్యూటర్లలోకి సాఫీగా రావడానికీ చాలా కాలం పట్టింది. 1991లో యూనికోడ్ మొదటి రూపంలోనే మన అక్షరాలకు చోటుంది. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా మామూలు యంత్రంలో అవి కనిపించేవి కావు. ఆ తర్వాత కూడా ఒక్కో పత్రిక సైటుది ఒక్కో ఫాంటు. ఆ చిక్కు తీర్చడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ తయారుచేశారు. 2006 ప్రాంతంలో వీవెన్ ‘లేఖిని’, బ్లాగులన్నిటినీ ఒక్కచోట చూపే ‘కూడలి’ ఇచ్చారు. ఇవన్నీ జీతం లేని పనులు. తెలుగు నెట్ చరిత్రలో కంపెనీల కన్నా ఇలాంటి మనుషులకే ఎక్కువ రుణపడి ఉన్నాం.

చోటు దొరికినవాళ్లకైనా మర్యాద దొరికిందా అంటే, అందరికీ దొరకలేదు. ‘వచ్చిండు’ అని రాస్తే ‘వచ్చాడు’ అనాలని దిద్దే పంతుళ్లు ప్రతి బోర్డులోనూ ఉండేవాళ్లు. యాస రాస్తే హాస్యానికి రాశాడనుకునేవాళ్లు. 1999లోనే అమెరికాలో తెలంగాణ డెవలప్‌మెంట్ ఫోరం ఏర్పడిందన్నా, ఇక్కడివాళ్లు వేరే ఈమెయిల్ గుంపులు పెట్టుకున్నారన్నా దాని వెనక ఈ ఉక్కపోత కూడా ఉంది. 2009 డిసెంబర్ 9 తెలంగాణ ప్రకటన తర్వాత ఆ బోర్డుల్లో రాసుకున్న రాతలు ఇప్పుడు చదివితే, మారుపేరు చాటున మనిషి ఎంత దిగజారగలడో తెలుస్తుంది. కులం పేరుతో బూతులు, ఆడవాళ్లు రాస్తే వెంటపడడం కూడా ఆ ‘స్వర్ణయుగం’లోవే. ట్రోలింగ్‌ను ఫేస్‌బుక్ కనిపెట్టలేదు.

కాబట్టి నా బెంగ ఆ జనం మీద కాదు. ఆ కట్టుబడి మీద.

ముగియని సెప్టెంబర్

పాత నెట్ మీద బెంగ కూడా ఈనాటిది కాదు. యూజ్‌నెట్ వాళ్లు 1990లలోనే మొదలుపెట్టారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఏటా సెప్టెంబర్‌లో కొత్త విద్యార్థులు చేరేవాళ్లు. వాళ్లకు నెట్ దొరికేది, వచ్చీరాని మాటలతో చర్చలన్నీ గందరగోళం చేసేవాళ్లు. పాతవాళ్లు ఒకటి రెండు నెలలు కసిరి, బుజ్జగించి దారిలో పెట్టేవాళ్లు. ఎప్పుడూ అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకచోట రాసి అతికించే అలవాటు ఆ అవసరంలోంచే బలపడింది. 1993 నుంచి ఏఓఎల్ లాంటి కంపెనీలు తమ ఖాతాదార్లందరికీ తలుపులు తెరిచాయి. కొత్తవాళ్లు ఏడాదికో తడవ కాదు, రోజూ వచ్చారు. నేర్పేవాళ్ల కన్నా నేర్చుకోవాల్సినవాళ్లు ఎక్కువైపోయారు. అప్పటి నుంచి పాతకాపులు ఆ 1993 సెప్టెంబర్ ఇంకా ముగియలేదని చెప్పుకుంటూ నవ్వుకుంటారు.

మన సెప్టెంబర్ 2016లో వచ్చింది. ఆ నెల 5న జియో మొదలైంది. అక్టోబర్ 11న, దసరా రోజున, పది జిల్లాల తెలంగాణ ముప్పై ఒకటయింది. ఆదిలాబాద్ నాలుగుగా విడిపోయి నిర్మల్ జిల్లా అయింది. అయిదు వారాల తేడాతో ఊరికి కలెక్టరేటూ వచ్చింది, ఉచిత డేటా కూడా వచ్చింది. కొత్త జిల్లా అన్నాక కొత్త కబుర్లుంటాయి: ఏ ఆఫీసు ఎక్కడ పెడుతున్నారు, ఏ ఊరు ఏ మండలంలో కలిసింది, సారు వచ్చిండా లేదా. ఆ కబుర్లకు అప్పుడే చేతికొచ్చిన ఫోనే వేదిక. వార్డుకొక గ్రూపు, కులసంఘానికొకటి, పదో తరగతి బ్యాచ్‌కొకటి, వడ్ల కొనుగోలు కేంద్రానికొకటి. అప్పట్లో గ్రూపులో 256 మందికే చోటు. 2022 నాటికి 1,024 అయింది. ఒక చిన్న ఊరు ఊరంతా పట్టేస్తుంది.

ఫోరమ్ మర్యాద ఒక్కరోజైనా చూడకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన జనం మనం. నేర్పాల్సిన పాతవాళ్లు మన మధ్య లేరు. పైగా ఈ కొత్త చోటును మాటలు నిలవడానికి కాక, పారడానికి కట్టారు. ఫేస్‌బుక్‌లో 2006లో వచ్చిన న్యూస్ ఫీడ్ మొదలు ఇవాళ్టి రీల్స్ దాకా సూత్రం ఒకటే: కిందికి తోస్తూ పోవాలి. ఆగి వెనక్కి చూసేవాడి వల్ల కంపెనీకి లాభం లేదు.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడాలంటే నిర్మల్ బొమ్మనే తీసుకోండి. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బొమ్మ ఇది. పొనికి చెక్క తేలికగా ఎందుకుంటుంది, ఆ చెట్టు అడవిలో ఎందుకు కరువైంది, చింతగింజల జిగురులో రంపపు పొట్టు ఎంత పాళ్లలో కలిపితే అతుకు కనిపించదు, ఇవన్నీ నకాషీ కళాకారుల చేతుల్లో ఉన్న సంగతులు. ప్రపంచంలో చెక్కపని చేసేవాళ్ల ఫోరమ్‌లు ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఒక జిగురు మీద పదేళ్లు మాట్లాడుకునే మనుషులు అక్కడ కనిపిస్తారు. మన దగ్గర బొమ్మ మీద ముప్పై సెకన్ల రీల్ వస్తుంది, వెనక పాట ఉంటుంది, రంగుల హంస ఒక చుట్టు తిరుగుతుంది. కింద నాలుగు వందల కామెంట్లుంటే మూడు వందలు “ప్రైస్ ప్లీజ్”. జిగురు గురించి అడిగినవాడు ఒకడుంటాడు. అతనికి జవాబు రాదు.

పెద్దబాపును ఎదురడుగుతవా?

ఫోరమ్‌కూ వాట్సాప్ గ్రూపుకూ ఉన్న తేడాల్లో యంత్రానికి సంబంధం లేనిది ఒకటుంది. అది మన వరసల్లో ఉంది. ఫోరమ్‌లో ఎవరి వయసెంతో, ఏ ఊరో, ఎవరి కొడుకో తెలిసేది కాదు. (తెలియదు గనుక కొందరు అదే ఆరా తీస్తూ కూర్చునేవాళ్లు.) మారుపేరుతో ఉన్న ఇరవై ఏళ్ల పిల్ల, రిటైరైన ప్రొఫెసర్‌ను “మీరు చెప్పిన తేదీ తప్పు” అనగలిగేది. ఆ ప్రొఫెసర్ పుస్తకం తీసి చూసుకోక తప్పేది కాదు.

గ్రూపులో అలా కాదు. అక్కడ అందరూ మనవాళ్లే. రాంజీ గోండు మీద ఒక ఫార్వర్డు వస్తుంది. 1860 ఏప్రిల్ 9న ఆయనతో పాటు వెయ్యి మందిని నిర్మల్ మర్రిచెట్టుకు ఉరి తీశారన్నది ఈ నేల మోస్తున్న గాథ. ఫార్వర్డులో దానికి ఇంకో నాలుగు సంగతులు అతికించి ఉంటాయి, ఒకదానికొకటి పొసగవు. డిగ్రీ చదివే పిల్లగాడు “ఇది ఏ పుస్తకంల ఉన్నది?” అని అడుగుతాడు. పంపింది పెద్దబాపు. అరగంటలో ఆ పిల్లగాని బాపుకు ఫోన్ వస్తుంది: “మీవోడు శానా చదువుకున్నట్టుండు, గ్రూపుల నన్ను ఎదురడుగుతుండు.” పిల్లగాడు సారీ పెడతాడు, రెండు దండాలు పెడతాడు. గోండు వీరుడి మీద సరైన చరిత్ర తెలుసుకునే ఒక అవకాశం ఆ దండాలతో సమాప్తం. ఇంకా గట్టివాడైతే గ్రూపులోంచి లెఫ్ట్ అవుతాడు. అది మళ్లీ పెండ్లిలో పంచాయితీ.

చుట్టరికంలో ఉన్న మర్యాదను తప్పు పట్టడానికి లేదు. పెద్దబాపు అరుగు మీద చెప్పిన మాటకు ఎదురు చెప్పకపోవడం వేరు, అదే మాట వెయ్యిమందికి చేరాక ఆధారం అడగకపోవడం వేరు. ఈ రెండూ ఇప్పుడు ఒకే తెర మీద జరుగుతున్నాయి.

2020 జనవరిలో భైంసాలో అల్లర్లు జరిగినప్పుడు నిర్మల్‌తో పాటు చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఇంటర్నెట్ ఆపేశారు. వదంతి పాకకుండా ఉండాలంటే అధికారులకు ముందుగా తోచే మందు అదే. దాంతో వదంతితో పాటు దాన్ని ఖండించే మాటా ఆగిపోతుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారన్న పుకార్ల మీద గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఇంకో దారి తొక్కారు. పోలీసులనే కళాకారులుగా ఊళ్లకు పంపి, పాటలతో డప్పులతో నమ్మొద్దని చెప్పించారు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. కంపెనీ పెట్టిన కట్టడి కన్నా డప్పు మీదే నాకు నమ్మకమెక్కువ. డప్పు కొట్టేవాణ్ని నిలబెట్టి అడగొచ్చు.

బాసర గేటు దగ్గర

ఇప్పుడు రెండో వైపు. ఇది చెప్పకపోతే ఈ కథనం అన్యాయమవుతుంది.

2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మూడు ప్రాంగణాలతో మొదలైంది. అందులో ఒకటి బాసర. పదో తరగతిలో బాగా మార్కులొచ్చిన పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల చదువు, చేతికొక ల్యాప్‌టాప్. చాలా ఇళ్లలోకి వచ్చిన మొదటి కంప్యూటర్ అదే. 2022 జూన్ 14న ఆ పిల్లలే పన్నెండు డిమాండ్లతో ప్రధాన ద్వారం దగ్గర కూర్చున్నారు. పూర్తికాలం వైస్ చాన్స్‌లర్ కావాలన్నారు, ముఖ్యమంత్రి రావాలన్నారు. ఎండ కాసినా వాన కురిసినా వేల మంది కదల్లేదు. బయటివాళ్లను లోపలికి పోనివ్వలేదు. అప్పట్లో పీసీసీ అధ్యక్షుడిగా ఉన్న రేవంత్ రెడ్డి గోడ దూకి లోపలికి పోవాల్సి వచ్చింది. అయినా లోపలి సంగతి రాష్ట్రమంతా చూసింది. పిల్లల ఫోన్లలోంచి ట్విట్టర్‌లోకి వీడియోలు పారాయి. విద్యార్థి పెట్టిన ట్వీట్‌కు మంత్రి కేటీఆర్ అక్కడే జవాబిచ్చారు. వారం గడిచాక విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి రాత్రివేళ వచ్చి మాట్లాడాక ఆందోళన ముగిసింది.

అదే పిల్లలు 2003లో ఉండి, ఏదో బోర్డులో ‘మా హాస్టల్ సమస్యలు’ అని థ్రెడ్ పెట్టి ఉంటే ఏమయ్యేది? అమెరికాలో ఉన్న ఇద్దరు సానుభూతి చూపేవాళ్లు. ఒకాయన వాక్యనిర్మాణం దిద్దేవాడు. మంత్రి చదివేవాడు కాదు.

గల్ఫ్ సంగతీ అంతే. ఎడారిలో చిక్కుకున్నవాడు వీడియో తీసి పెడితే అది ఊరు చేరి, ఎమ్మెల్యేను చేరి, ఎంబసీని చేరుతుంది. టైపు చేయడం రాని తల్లి బీడీలు చుట్టుకుంటూనే మస్కట్‌లో ఉన్న కొడుక్కు వాయిస్ పెడుతుంది. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవకపోతే అక్కడున్నవాళ్లతో మాట్లాడడానికి ఇమో, బోటిమ్ నేర్చుకుంది. ఆర్టీఎస్ పెద్దబడి అక్షరాలు ఆమెను లోపలికి రానిచ్చేవా? ఫోరమ్ గది బాగా కట్టారు గానీ గుమ్మం మరీ ఇరుకు. ఇప్పుడు గుమ్మం ఎంత వెడల్పంటే, గోడలే తీసేశారు.

బాసర పిల్లలు అడిగిన పన్నెండులో ఏది తీరింది, ఏది తీరలేదు, ఎవరు ఎప్పుడు ఏం మాటిచ్చారు? ఇవన్నీ వరసలో పేర్చుకుని చూద్దామంటే మాత్రం ఆ వారం ట్వీట్లలో తల తోకా దొరకదు. కేకను మోయడానికి ఆ వేదిక బ్రహ్మాండంగా పనికొచ్చింది. కేక వేశాక మొదలయ్యే పనికి అది చాలదు. అక్కడ కావాల్సింది తేదీలున్న, వరసలున్న, వచ్చే బ్యాచ్ చదవగలిగే చోటు. అంటే పాత థ్రెడ్.

ఎవరి స్థలంలో ఎవరి ఇల్లు

మరి ఆ పాత థ్రెడ్లు నిజంగా ఉన్నాయా? సగానికి సగం లేవు. యాహూ 2019 అక్టోబర్‌లో చెప్పి, నెలల వ్యవధిలో గ్రూపుల్లో దాచిన రాతలన్నీ తీసేసింది. 2020 డిసెంబర్ 15న గ్రూపులనే మూసేసింది. 2004లో వచ్చిన ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. మన కాలేజీ కుర్రాళ్ల తొలి తెలుగు కమ్యూనిటీలు దాంతో పాటే వెళ్లాయి. జియోసిటీస్ పేజీలు 2009లోనే పోయాయి. సొంత ఖర్చుతో బోర్డు నడిపినవాడు ఒక ఏడాది సర్వర్ డబ్బు కట్టకపోతే పదేళ్ల చర్చ గాల్లో కలిసేది. యూజ్‌నెట్ రాతలు మిగిలాయంటే, వాటిని భద్రపరిచిన డెజా న్యూస్ నిల్వలను 2001లో గూగుల్ కొన్నందువల్ల. ఆ గూగుల్ కూడా 2024 ఫిబ్రవరితో అందులో కొత్త పోస్టులు రానివ్వడం మానేసింది. ఫోరమ్‌కు జ్ఞాపకశక్తి ఉండేది, నిజమే. ఆ జ్ఞాపకం ఎవరి పెట్టెలో ఉందో మాత్రం మనం పట్టించుకోలేదు.

కొత్త ఫోరమ్‌లు లేవని కాదు. రెడిట్‌లో తెలుగు గుంపులున్నాయి, అక్కడ థ్రెడ్ ఇంకా థ్రెడ్‌లాగే ఉంటుంది. కానీ మాట ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో, మనుషులు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, అమెరికా. గుమ్మం మళ్లీ ఇరుకే. వాట్సాప్‌లో ముఖ్యమైన మెసేజ్‌ను పైన గుచ్చి పెట్టుకోవచ్చు, వెతుక్కోవచ్చు. అయితే మన జనం మాట ఎక్కువగా వాయిస్‌లో ఉంది. వాయిస్ వెతుకులాటకు దొరకదు. ఖతార్ ఏజెంటు చేతిలో మోసపోయినాయన చెప్పిన ఐదు నిమిషాలూ అలాగే పోయాయి. ఎవరైనా విని నాలుగు వాక్యాలు రాసి పెడితే తప్ప అది నిలవదు. అడ్మిన్‌లకు ఎన్నికలప్పుడు దొరికే గౌరవంలో పదో వంతు ఈ పని చేసేవాడికి దొరికితే ఎవరో ఒకరు చేస్తారు.

తెలుగులో పాత పద్ధతి ఇంకా చెక్కుచెదరకుండా నడుస్తున్న చోటు నాకు తెలిసినంతలో తెలుగు వికీపీడియా. 2003 డిసెంబర్‌లో మొదలైంది. మొదలుపెట్టింది ఆ ‘పద్మ’ చేసిన వెన్న నాగార్జునే. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. లైకులు లేవు, రీల్స్ లేవు, ప్రకటనలు లేవు. ప్రతి మాట కింద పేరు, తేదీ, సమయం. ఏళ్ల కిందటి తగాదాలు కూడా పాత చర్చల పేజీల్లో అలాగే పడి ఉన్నాయి. కొన్ని చదివితే నవ్వొస్తుంది, కొన్నిట్లో నిజంగానే ఒక పదం, ఒక తేదీ, ఒక ఊరి పేరు తేలింది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు ఊరూరి పేజీలో పాత జిల్లా తీసి కొత్త జిల్లా రాసే చాకిరీ చేసింది ఈ కొద్దిమందే. ప్రతి మార్పూ ‘చరిత్ర’ అనే మీట నొక్కితే కనిపిస్తుంది. ఇక్కడ పెద్దబాపు రాసినా ఆధారం అడుగుతారు. పెద్దబాపుకు కోపం వస్తే అది కూడా రచ్చబండలోనే రాసుకోవాలి.

నిర్మల్ జిల్లాలో చాలా ఊళ్లకు అక్కడ పేజీ ఉంది. పేజీ వెనక ‘చర్చ’ అని ఇంకో పేజీ ఉంటుంది. చాలా ఊళ్లకు దాన్ని ఇంకా ఎవరూ తెరవలేదు. చెరువు పేరు తప్పుందనో, గుడి కాలం మీద అనుమానముందనో, పొనికి చెట్టు ఫలానా గుట్ట మీద ఇంకా ఉందనో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. యాసలో అడిగినా కసిరేవాళ్లు తక్కువ. రాశాక చివర నాలుగు టిల్డేలు కొడితే సంతకం, సమయం వాటంతటవే పడతాయి. జవాబు ఆ సాయంత్రమే వస్తుందనుకోవద్దు. రెండేళ్ల తర్వాత వచ్చినవీ ఉన్నాయి, అడిగిన ప్రశ్న కిందనే.